బీరువా చట్టం

బషీర్‌బాగ్ చౌరస్తాలో నిలబడి నాలుగు దిక్కులా చూస్తే, వీడియో పని మీద బతికేవాడికి కావలసినవన్నీ కాలినడక దూరంలోనే ఉంటాయి. ప్రెస్‌మీట్లు జరిగే ప్రెస్‌క్లబ్ దేశోద్ధారక భవన్‌లో ఉంది. ఆదాయపు పన్ను లెక్కలు చూసే ఆయకర్ భవన్ ఇక్కడే. ఎల్.బి. స్టేడియం రోడ్డులో ఒకప్పటి కేంద్రీయ శుల్క్ భవన్, ఇప్పటి జీఎస్టీ భవన్. అబిడ్స్ వైపు దిగితే కేబుళ్లు, బ్యాటరీలు, రిపేర్లు దొరికే జగదీశ్ మార్కెట్. ఇంకొంచెం నడిస్తే నాంపల్లి. అక్కడ పెళ్లిళ్ల హాళ్లున్నాయి, చెక్కు బౌన్సు కేసులు నడిచే క్రిమినల్ కోర్టులున్నాయి, ఎం.జె. రోడ్డు మీది చంద్రవిహార్‌లో వినియోగదారుల ఫోరం నడిచింది. పని దొరికే చోటు, సామాను కొనే చోటు, పన్ను కట్టే చోటు, కేసు పడే చోటు అన్నీ ఇరుగుపొరుగే.

నేను వీహెచ్ఎస్ రోజుల్లో అబిడ్స్‌లోని ఒక స్టూడియోలో లైట్ బాయ్‌గా చేరాను. ఆ తర్వాత కెమెరా పట్టాను, ఎడిటింగ్ నేర్చుకున్నాను, ఎవరి దగ్గరా జీతానికి లేకుండా నాలుగు దశాబ్దాలకు దగ్గరగా ఇదే పనిలో ఉన్నాను. ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఒకటే. మా వృత్తిని రెండు చట్టాలు నడిపించాయి. ఒకటి పుస్తకంలో ఉండేది. రెండోది స్టూడియో వెనక గదిలో, గోద్రెజ్ బీరువాలో ఉండేది. చాలాకాలం రెండోదే నడిచింది. అది పనిచెయ్యడం మానేశాకే మేం మొదటిదాని మొహం చూశాం.

బషీర్‌బాగ్ అన్నది మొదట ఒక మహల్ పేరు. బషీరుద్దౌలా బిరుదున్న పాయిగా అమీరు సర్ ఆస్మాన్ జాది ఆ మహల్. 1887 నుంచి 1894 దాకా ఆయన నిజాం రాజ్యానికి ప్రధానమంత్రి. మహల్ ఇప్పుడు లేదు, పేరు మిగిలింది. ఆ కాలంలో అమీర్ల ఇళ్లలో ఫొటో తీయించుకోవడం అంటే రాజా దీన్‌దయాళ్‌ను పిలవడమే. 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టిన ఆయనకు ఆరో నిజాం ‘ముసవ్విర్ జంగ్’ అని బిరుదిచ్చాడు. అయితే పరదా పాటించే ఇళ్లలో ఆడవాళ్లను మగవాడు ఫొటో తీయడానికి వీల్లేదు. అందుకని 1892లో హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసమే ఒక జనానా స్టూడియో తెరిచాడు. ఎత్తైన గోడల మధ్య, కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల మహిళ చేతుల మీదుగా అది నడిచింది. బొమ్మ ఎవరు తీయాలి, తీసింది ఎవరి దగ్గర ఉండాలి అన్న పట్టింపు ఈ ఊళ్లో అంత పాతది. నూరేళ్ల తర్వాత నాంపల్లి షాదీఖానాల్లో మేం ఎదుర్కొన్నదీ అదే.

టీవీ ఈ ఊరికి 1977 అక్టోబరు 23న దూరదర్శన్ కేంద్రంతో వచ్చింది. 1982 ఢిల్లీ ఆసియా క్రీడలతో రంగుల టీవీ వచ్చింది. రంగుల టీవీ వెనకే వీసీఆర్లు, వీసీఆర్ల వెనకే గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చే మనవాళ్ల పెట్టెల్లో క్యామ్‌కార్డర్లు. అలా ఊళ్లోకి దిగిన పానసోనిక్ ‘ఎం సెవెన్’ చాలామందికి అన్నం పెట్టింది. దాన్ని భుజం మీద పెట్టుకోవాలి, పెద్ద వీహెచ్ఎస్ క్యాసెట్టే నేరుగా అందులో పడుతుంది. ఈ-180 క్యాసెట్ అంటే మూడు గంటలు. సూర్యుడిలాంటి సన్‌గన్ లైటు ఎత్తిపట్టి నేను పక్కన నిలబడితే పెళ్లికొడుకు కళ్లు చిట్లించేవాడు, పురోహితుడు చెమటలు తుడుచుకుంటూ మంత్రం చదివేవాడు.

ఎడిటింగ్ అంటే రెండు వీసీఆర్లు, మధ్యలో మిక్సర్. ఒకదాంట్లో ప్లే, ఇంకోదాంట్లో రికార్డ్. పాజ్ బటన్ మీద వేలు సరిగ్గా పడాలి. పెళ్లికూతురు హృదయం ఆకారంలో రావాలి, తాళి కట్టేటప్పుడు పూలు రాలాలి. ఇవి లేకపోతే డబ్బు ఇచ్చేవాళ్లు కాదు.

అప్పటి లెక్క మూడు ముక్కలు. ముహూర్తం ఖాయమైన రోజు బయానా, పెళ్లిరోజు కొంత, క్యాసెట్ చేతికిచ్చిన రోజు మిగతాది. కాగితం ఉండేది కాదు. డైరీలో తేదీ, హాలు పేరు, అందిన డబ్బు రాసుకునేవాళ్లం. మరి మిగతాది ఇవ్వకపోతే? అక్కడే బీరువా.

ఇది అనలాగ్ టేపు గుణం తెలిస్తేనే అర్థమవుతుంది. కెమెరాలో పడ్డది మొదటి తరం. దాన్నుంచి ఎడిట్ చేసింది రెండో తరం. పెళ్లివాళ్లకు కాపీ తీసి ఇచ్చేది మూడో తరం. ఆ కాపీనుంచి బంధువులకు ఇంకో కాపీ తీస్తే ఎర్రచీర రంగు అంచు దాటి కారుతుంది, మొహాలు పాలిపోతాయి. అంటే మాస్టర్ క్యాసెట్‌కు సాటి ఇంకోటి లేదు. అది మా బీరువాలో ఉన్నంతకాలం బాకీ ఎప్పటికైనా వసూలయ్యేది. ఆరు నెలలు మొహం చాటేసిన ఆసామి కూడా కూతురు అమెరికా వెళ్తుంటేనో, ఇంట్లో పెద్దాయన కాలం చేసి ఆయన మొహం చూడాలనిపిస్తేనో వెతుక్కుంటూ వచ్చేవాడు. “మాస్టర్ ఉంది కదా తమ్ముడూ?” అని అడిగేవాడు. “ఉందన్నా, బ్యాలెన్సు కూడా ఉంది” అనేవాళ్లం.

దీనికి ఒకే ఒక మినహాయింపు జనానా వైపు. నాంపల్లి, మల్లేపల్లి పెళ్లిళ్లలో ఆడవాళ్ల వైపు షూటింగ్‌కు మా ఆవిడ వెళ్లేది. తీసిన క్యాసెట్ ఆ రాత్రే ఇంటి పెద్దావిడ చేతిలో పెట్టి రావాలి. ఎడిటింగ్ లేదు, కాపీ లేదు, మా దగ్గర ఏదీ ఉండకూడదు. కాబట్టి ఆ పనికి డబ్బు మొత్తం ముందే తీసుకునేవాళ్లం. బీరువా లేనిచోట ముందస్తు చెల్లింపు. ఆ పద్ధతి మిగతా పనులన్నిటికీ పనికొస్తుందని అప్పుడు ఎవరికీ తోచలేదు.

ఇక పుస్తకంలోని చట్టం ఏమంటుంది? 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్‌లో ఒక మాట ఉంది. ఎవరైనా డబ్బిచ్చి తన కోసం సినిమా తీయించుకుంటే, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, దాని మొదటి హక్కుదారు ఆ తీయించుకున్న మనిషే. అంటే క్యాసెట్ కొన్నది మేం, తీసింది మేం, దాచింది మేం. కాపీరైట్ మాత్రం పెళ్లికూతురి నాన్నది. ఇంకో విచిత్రం కూడా ఉంది. అదే పెళ్లిలో పక్కన నిలబడి ఫొటోలు తీసేవాడిని చట్టం ఆ ఫొటోకు కర్త అంటుంది. వీడియోకు మాత్రం కర్త నిర్మాత, అంటే పూనుకొని బాధ్యత తీసుకొని తీయించినవాడు. కెమెరా పట్టినవాడి పేరు అక్కడ రాదు. ఒకే మంటపం, ఒకే భోజనం, రెండు రకాల మనుషులం.

1984లో కాపీరైట్ చట్టాన్ని సవరించి వీడియో ఫిల్ములను ప్రస్తావించింది మా కోసం కాదు, సినిమా పైరసీ కోసం. నేరానికి కనీసం ఆరు నెలల జైలు అన్నారు. గల్లీ గల్లీకీ క్యాసెట్ లైబ్రరీలున్న రోజులవి. అర్ధరాత్రి పెళ్లి ముగించుకొని సంచీ నిండా క్యాసెట్లతో స్కూటర్ మీద వెళ్తుంటే పోలీసులు ఆపితే, అవి పెళ్లివే అని నమ్మించడానికి ఒక్కోసారి తెల్లారేది. 1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది. టేపు నలిగినా, సౌండ్ పడకపోయినా కస్టమర్ మమ్మల్ని ఫోరానికి లాగగలిగాడు. మళ్లీ తాళి కట్టించి తీస్తామని చెప్పే వీలు మాకు లేదు కదా. 1989 ఏప్రిల్ 1 నుంచి చెల్లని చెక్కు ఇవ్వడం నేరమైంది. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ అది. మా పక్షాన నిలిచిన మొదటి సెక్షన్ అదే అనాలి. కాకపోతే పెళ్లివాళ్లు చెక్కులు ఇవ్వరు. సంస్థలు, సంఘాలు ఇచ్చేవి.

ఆ తర్వాత 1995 వచ్చింది. మా వృత్తికి పంచాంగం రాస్తే ఆ ఒక్క సంవత్సరానికే నాలుగు పేజీలు పడతాయి. ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి, ప్రభుత్వ గుత్తాధిపత్యం చెల్లదు అని తీర్పు ఇచ్చింది. 1993 హీరో కప్ క్రికెట్ ప్రసారంపై బెంగాల్ క్రికెట్ సంఘానికీ దూరదర్శన్‌కూ వచ్చిన తగాదా అది. ఆ ఏడాదే జెమిని మొదలైంది, ఆగస్టు 27న ఈటీవీ వచ్చింది. అప్పటిదాకా పెళ్లిళ్ల సీజన్ పోతే మూఢంలో ఖాళీగా కూర్చునే మాకు ఏడాది పొడవునా పని దొరికింది. ప్రెస్‌క్లబ్‌లో ఉదయం నుంచి సాయంత్రం దాకా ప్రెస్‌మీట్లు. సొంత కెమెరా ఉన్నవాడికి స్టోరీకి ఇంత అని లెక్క.

అదే ఏడాది మే 10 నుంచి కాపీరైట్ సవరణ అమల్లోకి వచ్చింది. ఏ మాధ్యమం మీద తీసిన దృశ్యమైనా, వీడియో సహా, సినిమా కిందికే వస్తుందని తేల్చింది. హక్కులు రాసిచ్చే కాగితంలో గడువు రాయకపోతే ఐదేళ్లే, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని 19వ సెక్షన్‌లో చేర్చింది. కష్టపడి తీసినవాడికి దొరికిన పెద్ద ఆయుధం అది. ప్రెస్‌క్లబ్ మెట్ల మీద మాలో ఒక్కరం కూడా దాని గురించి మాట్లాడుకున్న గుర్తు లేదు.

జులై 1న వచ్చింది మాత్రం అందరికీ తెలిసింది, ఎందుకంటే అది డబ్బులోంచి కోసింది. టీవీ ప్రసారం కోసం కార్యక్రమాలు తయారుచేయడం కూడా కాంట్రాక్టు పనే అని ఆదాయపు పన్ను చట్టం 194సీలో రాశారు. వృత్తి రుసుములకు 194జే అని కొత్త సెక్షన్ పెట్టారు. మొదటిదాని కింద చెల్లింపులోంచి ముందే కోసే పన్ను 2 శాతం, రెండోదాని కింద 5 శాతం. మనం ఏ గూట్లో పడతామన్నది చెక్కు రాసే అకౌంటెంట్ దయ. తర్వాతి కాలంలో ఈ తేడా ఇంకా పెరిగి ఒంటరిగా పనిచేసేవాడికి 1 శాతం, 10 శాతం అయింది. లక్ష రూపాయల బిల్లులో వెయ్యి ఆగడం వేరు, పదివేలు ఆగి రీఫండ్ కోసం ఏడాది ఎదురుచూడడం వేరు. బిల్లు పైన ‘ప్రసారం కోసం కార్యక్రమ నిర్మాణం’ అని రాస్తే ఒకలా, ‘కెమెరామన్ ఫీజు’ అని రాస్తే ఇంకోలా ఉంటుందని మాకు చెప్పింది ఆయకర్ భవన్ ఎదుట టీ తాగుతూ పరిచయమైన ఒక ట్యాక్స్ ప్రాక్టీషనర్.

నాలుగో పేజీ ఆగస్టు 10ది. కస్టడీ మరణాల్లో పోస్ట్‌మార్టం మొత్తాన్ని వీడియో తీయించాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ ముఖ్యమంత్రులకు లేఖ రాసింది. ఆ పనికి మాలాంటి ప్రైవేటు కెమెరావాళ్లకే కబురు వచ్చేది. ముందురోజు రాత్రి బారాత్‌లో డాన్సు తీసిన కెమెరాతోనే మర్నాడు మార్చురీకి వెళ్లాలి. వాటికి బయానా లేదు, బీరువా లేదు. ఆపకుండా తీసి, క్యాసెట్‌కు సీలు వేయించి, అక్కడే అప్పగించి, వోచరు మీద సంతకం పెట్టి రావాలి. డబ్బు ఎప్పుడో వస్తుంది. ఎన్నికల వీడియోగ్రఫీ కూడా ఆ దశాబ్దంలోనే పెరిగింది. నామినేషన్లు, సభలు, లెక్కింపు అన్నీ రికార్డు కావాలి. అలా ప్రభుత్వానికి మేం అలంకారం తీసేవాళ్ల నుంచి సాక్ష్యం తీసేవాళ్లమయ్యాం.

సాక్ష్యం అంటే ఏమిటో బషీర్‌బాగ్ 2000 ఆగస్టు 28న చూసింది. విద్యుత్ ఛార్జీల పెంపుకు వ్యతిరేకంగా అసెంబ్లీ వైపు వెళ్తున్న ఊరేగింపు మీద ఈ చౌరస్తాలోనే పోలీసు కాల్పులు జరిగాయి. ముగ్గురు చనిపోయారు. ఆ దృశ్యాలు ఇప్పటికీ టీవీల్లో తిరుగుతుంటాయి. స్టోరీకి ఇంత అని లెక్క కట్టి క్యాసెట్ ఇచ్చేసిన స్ట్రింగర్‌కు అలాంటి దృశ్యం మీద ఏ హక్కూ మిగలదు. రెండోసారి వేసినా, ఇరవయ్యోసారి వేసినా అదే మొదటి రోజు డబ్బు. కాల్పులు జరిగిన రెండు నెలల్లోపే, అక్టోబరు 17న, ఐటీ చట్టం అమల్లోకి వచ్చి సాక్ష్యాధారాల చట్టంలో 65బి సెక్షన్ చేరింది. అసలు క్యాసెట్ కోర్టుకు వెళ్తే అదే సాక్ష్యం. కంప్యూటర్‌లో ఎక్కించి సీడీ తీస్తే మాత్రం, ఏ యంత్రంలో ఎలా తీశారో చెప్పే సర్టిఫికెట్ కావాలి. ఇది కచ్చితమని సుప్రీంకోర్టు 2014 సెప్టెంబరు 18న కేరళకు చెందిన అన్వర్ కేసులో చెప్పింది. అది కూడా ఎన్నికల ప్రచారం సీడీల గొడవే. ఆ తీర్పు వచ్చాక పాత పనులకు సర్టిఫికెట్ ఇమ్మని ఫోన్లు మొదలయ్యాయి. తీసిన కంప్యూటరే అప్పటికి తుక్కులోకి పోయింది.

2001 జులై 16న వీడియో తీయడం మీద సర్వీస్ టాక్స్ పడింది, 5 శాతం. ఏదైనా కార్యక్రమాన్ని, వేడుకను టేపు మీదో ఇంకో మాధ్యమం మీదో రికార్డు చెయ్యడం, ఎడిట్ చెయ్యడం అన్నీ అందులోకే వచ్చేవి. సంస్థలతో పాటు వృత్తిగా చేసే ఒంటరి వీడియోగ్రాఫర్లనూ చేర్చారు. మా వృత్తిని పేరుపెట్టి పిలిచిన చట్టం నా కంటపడటం అదే మొదలు. పిలిచింది పన్ను కోసం. నాలుగు లక్షల లోపు మినహాయింపు 2005 ఏప్రిల్ 1న గానీ రాలేదు. అప్పటిదాకా లెక్క మొదటి రూపాయి నుంచే. పెళ్లివాళ్ల దగ్గర “మూడు వేల మీద నూటయాభై టాక్స్” అంటే నవ్వేవాళ్లు. చాలామంది రిజిస్టరు కాలేదు. కంపెనీల పనులు కావాలనుకున్నవాళ్లం మాత్రం స్టేడియం రోడ్డు భవనం మెట్లెక్కాం, బిల్లు పుస్తకాలు అచ్చు వేయించాం. అచ్చయిన బిల్లు ఉన్నాకే మా మాటకు విలువ పెరిగిందన్నది కూడా నిజం. పన్ను మాకు నేర్పిన మంచి అలవాటు కాగితం.

సరిగ్గా ఆ రోజుల్లోనే బీరువా ఖాళీ కావడం మొదలైంది. ముందు మినీ డీవీ క్యాసెట్ వచ్చింది. సోనీ పీడీ 150, ఆ తర్వాత పీడీ 170 భుజాల మీది బరువు దించాయి. ఎడిటింగ్ కంప్యూటర్లోకి, ఎడియస్ సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లింది. డిజిటల్ కాపీకి తరాలు లేవు. వందో కాపీ కూడా మొదటిదే. మాస్టర్‌కు ఉన్న ప్రత్యేకత అక్కడే పోయింది. 2008లో కేనన్ 5డి మార్క్ టూ వచ్చాక ఫొటోవాడి చేతిలోనే వీడియో కూడా చేరి, టేపు పూర్తిగా పోయి కార్డు వచ్చింది. పెళ్లివాళ్ల అబ్బాయి హార్డ్ డిస్క్ పట్టుకొచ్చి “అంకుల్, రా ఫుటేజ్ అంతా ఇందులో వేసేయండి” అని అప్పగింతలు కాకముందే అడగడం మొదలుపెట్టాడు. వేసి ఇచ్చాక వాళ్లు ఇంకెవరి దగ్గరైనా ఎడిట్ చేయించుకోవచ్చు. బ్యాలెన్సు అడిగితే “ఎడిటింగ్ మీరు చెయ్యలేదుగా” అంటారు. ఇరవై ఏళ్లు మమ్మల్ని కాపాడిన పద్ధతి అలా రెండు మూడు సీజన్లలో పోయింది.

కొత్త చిక్కులూ వచ్చాయి. పెళ్లి వీడియో వెనక సినిమా పాట వేయడం వీహెచ్ఎస్ రోజుల నుంచి ఉంది. పెళ్లిలో పాట పాడినా, రికార్డు మోగించినా కాపీరైట్ ఉల్లంఘన కాదని చట్టం 52వ సెక్షన్‌లో ఉంది. ఆ మినహాయింపు పందిరి వరకే. ఎడిటింగ్‌లో పాటను అతికించడానికి అది వర్తించదు. క్యాసెట్ అల్మరాలో ఉన్నన్నాళ్లు ఎవరికీ పట్టలేదు. యూట్యూబ్‌లో పెట్టాక పాట దానంతటదే పట్టుబడి మూగబోతోంది. డ్రోన్ల మీద 2014 అక్టోబరులో నిషేధ ప్రకటన వచ్చింది. 2018 డిసెంబరు నుంచి వచ్చిన నిబంధనల్లో రాష్ట్ర సచివాలయం చుట్టూ 3 కిలోమీటర్లు ఎగరేయకూడదన్నారు. బషీర్‌బాగ్, అబిడ్స్, నాంపల్లి ఆ వలయంలోనివే. 2021 ఆగస్టులో డ్రోన్ రూల్స్ సరళమయ్యాయి. అయినా ఎగరేసే ముందు జోన్ల మ్యాపు చూడక తప్పదు. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు ఇరవై లక్షల లోపు వాళ్లకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్నారు, కానీ పక్క రాష్ట్రంలో బిల్లు వేస్తే తప్పదన్నారు. బెంగళూరులో ఒక్క రిసెప్షన్ తీసినా నంబరు కావాల్సి వచ్చింది. అక్టోబరు 13న ఆ మెలిక తీసేశారు. ఆ మధ్య మూడు నెలల్లో దూరం పనులు వదులుకున్నవాళ్లున్నారు.

ఇప్పుడు నాకు బీరువా లేదు, ఒక పేజీ ఒప్పందం ఉంది. అది లాయరు భాషలో లేదు. రా ఫుటేజ్ ఇస్తామా, ఇస్తే ఎంత అదనం. మార్పులు ఎన్నిసార్లు చేస్తాం. డేటా ఎన్నాళ్లు దాస్తాం. కెమెరా మొరాయిస్తే ఎంతవరకు బాధ్యత. పాటల హక్కు ఎవరు చూసుకోవాలి. ఆడవాళ్ల వైపు తీసింది ఎవరికి అప్పగించాలి. పెళ్లి వాయిదా పడితే బయానా ఏమవుతుంది. మేం తీసిన పనిని నమూనాగా చూపించుకోవచ్చా. ఈ చివరిది లేకపోతే సొంత పనిని కూడా చూపించుకునే హక్కు మనకు లేదు, ఎందుకంటే 17వ సెక్షన్‌లో ‘వేరే ఒప్పందం లేకపోతే’ అన్న ఒక్క సందే మనకున్నది. కంపెనీ పనులైతే ఎంఎస్ఎంఈ రిజిస్ట్రేషన్ నంబరు బిల్లు మీద వేస్తాను. 2006 చట్టం ప్రకారం చెల్లింపుకు ఎక్కువలో ఎక్కువ 45 రోజులు. ఇక ఎవరూ చెప్పకుండా నా ఖర్చుతో నేను తీసుకున్నవి, నుమాయిష్ రద్దీ, గణేశ్ నిమజ్జనం, అవి పూర్తిగా నావి. ఛానల్‌కు ఇచ్చేటప్పుడు రెండేళ్లకు, ఫలానా కార్యక్రమానికి అని గడువు రాసి ఇస్తున్నాను. 1995లోనే పుస్తకంలో ఉన్న మాట అది.

2024 జులై 1 నుంచి సాక్ష్య చట్టం కొత్తదైంది. 63వ సెక్షన్ కింద ఇచ్చే సర్టిఫికెట్‌లో ఫైలుకు వేలిముద్రలాంటి హాష్ విలువ కూడా రాయాలి. కాబట్టి ప్రభుత్వ పనికి వెళ్లే పిల్లలు కార్డులోంచి కాపీ తీయగానే హాష్ తీసి పెట్టుకోవాలి. సాక్ష్యమైతే తీసినవాడి లెక్క పక్కాగా కావాలి, పెళ్లి అయితే తీసినవాడి పేరే అక్కర్లేదు. ఆ తేడాను చట్టం సరిదిద్దేదాకా కాచుకొని కూర్చుంటే బతుకు గడవదు.

అందుకే పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకు కెమెరా ఇచ్చే ముందు ఆ పేజీ చేత్తో రాయిస్తాను. “పెళ్లోళ్లకు ఇది చూపిస్తే పని పోతది కదా అన్నా?” అంటారు. పోనీ అంటాను. బాకీ పెట్టే ఇల్లేదో ముహూర్తానికి ముందే తెలిసిపోయింది.